ఉప్పు మంచులో గుడ్డ బూట్లు

మా అత్త నీలమ్మ కంట్లో కొత్త బట్ట పడితే ఊరుకోదు. పెళ్ళయిన కొత్తలో మడత విప్పని పట్టుచీర ఒకటి ఆమె మంచం మీద పెట్టాను. మా ఆయన సామ్యూల్ పరుగున వచ్చి దాన్ని తీసి బీరువాలో దాచాడు. "అమ్మ చేతికి దొరికితే రేపటికల్లా తాతలనాటి చీర అయితది, సూస్కో" అన్నాడు. పరాచికమనుకున్నాను. మేడ మీదికి వెళ్ళి చూశాక అర్థమైంది.

సినిమావాళ్ళు కుట్టించిన కొత్త బట్టల్ని పాతవి చేయడం ఆమె పని. తెర మీద మీరు చూసే కూలివాడి చొక్కా దర్జీ దగ్గర్నుంచి మొన్ననే వచ్చి ఉంటుంది. దానికి వయసు ఫలక్‌నుమాలో మా మేడ మీదే వస్తుంది. టీ డికాక్షన్‌లో నానబెడుతుంది, ఇటుక పొడి పెట్టి రుద్దుతుంది, గరుకు కాగితంతో మోచేతులు అరగదీస్తుంది. ఇంత ఎండ కాసే మేడ ఉండి కూడా నాకు వడియాలు పెట్టుకునే జాగా లేదు. నేను ఫలక్‌నుమా స్టేషన్‌లో టికెట్లు ఇస్తాను. కౌంటర్ దగ్గర పొద్దంతా అరిచి అరిచి ఇంటికొస్తే మెట్ల మీద ఎండబెట్టిన లాగులు తగులుతుంటాయి, ఇక నా నోరు ఎలా ఆగుతుంది?

ఆమె మాత్రం నా అరుపులకు తొణకదు. బట్ట ముట్టుకునే ముందు ఒకటే అడుగుతుంది, దీన్ని తొడుక్కునేది ఎవరని. ఏ చేత్తో పని చేస్తాడు, ఎటు ఒరిగి కూర్చుంటాడు, ఏ జేబులో బీడీలు పెడతాడు. అది చెప్పందే పని మొదలుపెట్టదు. "బట్ట ఊకెనే పాతగ కాదు బిడ్డా. మనిషి దాన్ని పాతగ చేస్తడు" అంటుంది. సినిమావాళ్ళు విసుక్కుని నోటికొచ్చింది చెప్పేవారు. ఆమె అదే నిజమనుకుని, ఆ లేని మనిషి ఒళ్ళంతా బట్ట మీద రాసేది.

ఆమె తండ్రి డానియేలు సిపాయి. అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు కొండల మీదికి పంపించారు. తిరిగి రాలేదు. చనిపోయాడనీ చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు. కనిపించడం లేదన్నారు, అంతే. అప్పటికి మా అత్త ఇంకా బడికి కూడా పోని పిల్ల. శవం రాకపోతే బస్తీ ఊరుకుంటుందా? పారిపోయాడంది. ఎక్కడో ఇంకో పెళ్ళి చేసుకుని హాయిగా ఉన్నాడంది. మా అత్తను వెంటబెట్టుకుని నీళ్ళకు పోయి, నల్లా దగ్గర వాళ్ళమ్మ సుందరమ్మ బిందె పెడితే పక్కకు జరిపి, "పారిపోయినోని పెండ్లాం, లైన్ల నిలబడు" అనేవారు. రాహేలమ్మ అని మా వీధిలోనే ఉంటుంది, వాళ్ళ తల్లి ఈ విషయంలో అందరికన్నా ముందుండేది. బడిలో పిల్లలు మా అత్తను "భగోడే కీ బేటీ", పారిపోయినవాడి కూతురు, అని పిలిచేవారట. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు చిన్నపిల్లదైపోతుంది.

నిజం చెప్పినవాడు ఒక్కడే. డానియేలు వెంట పోయిన ఎల్లప్ప, కాలివేళ్ళు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. మైదాన ప్రాంతంలో వేసుకునే నూలు బట్టలతోనే వాళ్ళను కొండెక్కించారట. కాళ్ళకు గుడ్డ బూట్లు. చేతిలో త్రీ నాట్ త్రీ రైఫిల్. ప్రతి తూటాకూ బోల్టు లాగి మళ్ళీ తోయాలి, ఆ చలికి వేళ్ళు ఇనుముకు అంటుకుపోయేవట. మంచు బూట్లలోకి దిగి, తడిసి, గడ్డకట్టి, కాళ్ళు కొయ్యలైపోయాయి. వెనక్కి రమ్మన్నప్పుడు డానియేలు లేవలేకపోయాడు. "మీరు పోన్రి, నేను ఈడ్నే కూసుంట" అని రైఫిల్ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎల్లప్ప వచ్చి సుందరమ్మ ముందు నేల మీద కూర్చుని ఇదంతా చెప్పి, "ఉర్కనీకి కాళ్ళుండాలె గద వదినా" అని ఏడ్చాడు. కానీ ఎల్లప్ప మాట ఎవరు వింటారు? బస్తీ దృష్టిలో అతనూ పారిపోయి వచ్చినవాడే.

అందుకే ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ పుట్టింది. నవంబరులో సమాధుల పండుగకు మా వాళ్ళందరూ తమ వాళ్ళ సమాధులకు సున్నాలు వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు పెడతారు. డానియేలుకు సమాధి లేదు. సుందరమ్మ ప్రతి పండుగకూ ఒక జత ఉన్ని మేజోళ్ళు కొని శ్మశానం మధ్యలో ఉన్న పెద్ద సిలువ కింద పెట్టేది. ఆమె పోయాక మా అత్త పెడుతోంది. వాటిని కావలివాడు తీసుకుపోతాడని అందరికీ తెలుసు. "తీస్కపోనీ, ఎవల కాళ్ళకన్న ఎచ్చగుంటయి" అంటుంది. హైదరాబాదు ఉక్కపోతలో ఉన్ని మేజోళ్ళు కొనే కుటుంబం మాది ఒక్కటే అయి ఉంటుంది.

పోయిన ఎండాకాలంలో వైకుంఠం సేటు ఆటో నిండా మూటలతో వచ్చాడు. ఉస్మాన్‌గంజ్‌లో వాళ్ళది తాతలనాటి గోనెసంచుల వ్యాపారం, దాంతోపాటు సినిమా డ్రెస్సులు కిరాయికిస్తాడు. వెంట వివేక్ అని సినిమా కళావిభాగం అబ్బాయి ఉన్నాడు. మూటలు విప్పితే దూది కూరిన లావు కోట్లు, మోకాళ్ళ దాకా తోలు బూట్లు. నమూనాకని తెచ్చిన ఒక డమ్మీ తుపాకి కూడా ఉంది.

"యాడ లడాయి ఇది?" అడిగింది మా అత్త.

"చైనా బార్డర్ అమ్మా. సిక్స్టీ టూ."

చేతిలో ఉన్న కోటు కింద పెట్టేసింది. తుపాకీ తీసి అటూ ఇటూ తిప్పి, "దీనికి బోల్టేది?" అంది.

వివేక్ తల దించుకున్నాడు. వాడికి అన్నీ తెలుసు, తెలిసే తెచ్చాడు. "ఇది ఆ తర్వాత వచ్చిన తుపాకమ్మా, వరసగా పేలుతుంది. అప్పుడు త్రీ నాట్ త్రీలే. ఈ కోట్లు లేవు, ఈ బూట్లు లేవు. డైరెక్టర్‌కు మొదటి రోజే చెప్పిన. బోల్టు లాక్కుంటూ కూర్చుంటే ఫైట్ స్లో అయిపోతదన్నారు. హీరో చిరిగిన స్వెటర్‌ల కనిపిస్తే ఫ్యాన్స్ ఊరుకోరన్నారు."

"అయితే నాతోని కాదు. తీస్కపోన్రి."

వైకుంఠానికి మండింది. "ఏంది నీలమ్మా ఈ లొల్లి? సినిమా ఇది, నిజం గాదు. నీకేం ఫికర్?"

నేనూ సేటు పక్షమే మాట్లాడబోయాను. అంతలో ఆమె నా వైపు తిరిగింది. ఆ ముఖం చూసి నోరు మూసుకున్నాను. "గిన్ని కోట్లు, గిసొంటి తుపాకులు సూపిస్తె జనం ఏమంటరు స్వరూపా? గిన్ని పెట్టుకొని ఎట్ల ఉర్కిన్రు అంటరు. మా బాపును మల్ల ఒకసారి భగోడా అంటరు. ఈసారి బస్తోళ్ళు గాదు, దునియా మొత్తం అంటది" అంది.

చివరికి ఆమే తెగ్గొట్టింది. పని చేస్తుంది, కానీ ఒక్క మనిషి కాళ్ళకు, ఒక్కసారి, గుడ్డ బూట్లు చూపించాలి. వివేక్ డైరెక్టర్‌తో ఫోన్‌లో బతిమాలాడు. మంచులో చనిపోయి పడి ఉన్న సిపాయి పాదాలు మాత్రం కనిపించే షాట్ ఒకటి ఉందట, దానికి ఒప్పుకున్నారు. మా అత్త ఆనందం చూడాలి! సేటుకు ఆ రోజు బెల్లం టీ ఇచ్చింది.

కోట్ల పని చకచకా అయిపోయింది. బూట్ల దగ్గర ఆగిపోయింది. గోధుమరంగు కాన్వాసు బూట్లు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేది. సంగతేంటని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది, "మా బాపు ఎట్ల నడిచేటోడో నాకు యాదిలేదు బిడ్డా."

ఊళ్ళోవాళ్ళందరి నడకలూ బట్టల మీదికి తెచ్చిన మనిషికి సొంత తండ్రి నడక తెలియదు. నాకు తెలిసినవాళ్ళలో అతన్ని చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మా అత్త ముఖం చూడలేక నేను స్టేషన్‌కు తొందరగా వెళ్ళిపోయేదాన్ని.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా ఇంట్లో చెప్పులన్నీ వాకిట్లో బోర్లా పడి ఉన్నాయి. సామ్యూల్‌వి, కాలేజీకి పోయే మా అమ్మాయి వీణవి, మా అత్తవి, నావి. ఆమె నేల మీద కూర్చుని వాటి అడుగులు తడుముతోంది. "ఇటు రా, సూడు" అంది. ముగ్గురి చెప్పులూ కుడి మడమ దగ్గర, బయటి అంచున అరిగి ఉన్నాయి. నావి తప్ప. నేను వేరే ఇంటి పిల్లను కదా.

"మా అమ్మ చెప్పులు గిట్ల అరగకుండె. అంటె ఇది ఆయనదే" అని వీణ చెప్పు గుండెకు ఆనించుకుంది. చెప్పు పట్టుకుని ఏడుస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేనూ ఏడ్చాను.

ఆ బూట్లను ఆమె గరుకు కాగితంతో రుద్దలేదు. తనే తొడుక్కుని నడిచింది. చీర కుచ్చిళ్ళ కింద గుడ్డ బూట్లతో కూరగాయలకు పోయింది, రేషన్‌కు పోయింది, పట్టాల పక్క గులకరాళ్ళ మీద అటూ ఇటూ తిరిగింది. కౌంటర్ కిటికీలోంచి చూస్తే నాకే సిగ్గేసేది. షూటింగ్ నాటికి బూట్ల కుడి మడమ బయటికి ఒరిగి అరిగింది. గుమ్మం పక్కన విడిచి ఉంటే ఇంట్లోకి ఎవరో మగమనిషి వచ్చినట్టే ఉండేది. సామ్యూల్ ఒకసారి వాటిని చూసి, లోపల ఎవరని నన్నడిగాడు.

షూటింగ్‌కు నేనూ వెళ్ళాను. నగరం అవతల పెద్ద రేకుల షెడ్డు, లోపల గుట్టలుగా ఉప్పు. అదే మంచు. బయట రోడ్డు కరిగే ఎండ, లోపల లావు కోట్లలో చెమటలు కక్కుతున్న కుర్రాళ్ళు. ఒకతన్ని పడుకోబెట్టి, ముఖం కనిపించకుండా ఉప్పు కప్పి, మా బూట్లున్న పాదాలు మాత్రం బయటికి ఉంచారు.

మా అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, అంత ఎండలో. కెమెరా పక్కకు జరగ్గానే గబగబా వెళ్ళి ఆ పాదాల దగ్గర కూర్చుని ఉప్పు దులపడం మొదలుపెట్టింది. "ఏయ్, ఎవరమ్మా అది, కంటిన్యుటీ పోతది!" అని ఎవరో అరిచారు. పడుకున్న కుర్రాడు ఉప్పులోంచి తల లేపి, "అమ్మా, చక్కిలిగింతలైతున్నయి" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వెనక్కి వస్తూ మాత్రం నాతో అంది, "బతికున్నడు స్వరూపా, మాట్లాడిండు." దారంతా నేను ఏమీ మాట్లాడలేదు, నేను!

షూటింగ్ అయ్యాక బూట్లు తిరిగొచ్చాయి. ఆమె వాటిని అల్మారా కింది అరలో పెట్టింది. వానలు మొదలయ్యాక వాటిని చూస్తే తడిగా ఉన్నాయి. పైన కప్పు కారలేదు, గోడ చెమ్మ లేదు. ఎండ వచ్చినప్పుడల్లా మేడ మీద పెట్టేది, బాగా ఆరేవి. అరలో పెడితే పొద్దునకల్లా మళ్ళీ తడి. లోపల వేలు పెడితే చల్లగా తగిలేది. వీణ ఆ అల్మారా తెరవడం మానేసింది.

"ఉప్పు అత్తమ్మా, ఉప్పు! గుడ్డకు పట్టింది, వానాకాలం గాలికి నీరు గుంజుతుంది. రెండు బకెట్ల నీళ్ళు పోసి ఉతికితే పోతది" అని నేను అరిచాను.

"ఎర్కనే బిడ్డా" అంది. తెలిసినా ఉతకలేదు. పాత బట్టతో లోపల తుడిచి, మళ్ళీ అరలో పెట్టింది.

అక్టోబరులో సినిమా విడుదలైంది. మా అత్త, నేను, వీణ మొదటి ఆట చూశాం. హీరో ఆ తుపాకీ పట్టుకుని తడతడమని కాలుస్తుంటే హాలంతా ఈలలు. మా అత్త అవేవీ పట్టించుకోలేదు, ముందు సీటు పట్టుకుని వంగి కూర్చుంది. మంచు కొండ రాగానే నా మోచేయి గిల్లింది. "ఇగో, వస్తడు ఇప్పుడు" అంది.

పాదాలు వచ్చాయి. అదే ఉప్పు, అదే వాలు, అదే కాళ్ళు. వాటికి నల్లటి తోలు బూట్లు ఉన్నాయి.

ఏమీ అర్థం కాక నేను తెర వంకా ఆమె వంకా చూస్తున్నాను. ఆమె ఇంకా ముందు సీటు పట్టుకునే ఉంది. వెనక వరసలో ఒక కుర్రాడు పాప్‌కార్న్ నములుతూ పక్కవాడితో అన్నాడు, "గిన్ని పెట్టుకొని ఎట్ల ఉర్కిన్రు రా వీళ్ళు?"

సరిగ్గా ఆ మాటే. ఆమె మేడ మీద అన్న మాట అన్నట్టే వచ్చింది. నేను వెనక్కి తిరిగి వాణ్ణి చెడామడా తిట్టబోయాను. మా అత్త నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. "పోరనిదేం తప్పు? వానికి సూపించిందే అడిగిండు" అంది.

నేను ఊరుకుంటానా? వివేక్‌కు ఫోన్ చేశాను. పాపం, ఏడుపు గొంతుతో చెప్పాడు. "ముందుగా కొందరికి వేసి చూపించారక్కా. ఆ షాట్ రాగానే నవ్విన్రు. ఆర్మీవాళ్ళకు స్కూల్ పిల్లల బూట్లేంది, పెద్ద మిస్టేక్ అన్నారు. ట్రోల్ చేస్తారని భయపడి కంప్యూటర్‌లో మార్చేసిన్రు."

"మొత్తం సినిమాల నిజమైంది అదొక్కటే గదయ్యా! దాన్నే తప్పని తీసేసిన్రా?" అన్నాను. నాకు మంట చల్లారక ఫోన్ మంచం మీదికి విసిరేశాను. మా అత్త అల్మారా ముందు కూర్చుని బూట్లు తుడుస్తోంది.

సమాధుల పండుగ వచ్చింది. సామ్యూల్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి బంతిపూలు, చామంతులు తెచ్చాడు. మా అత్త ఎప్పటిలాగే ఉన్ని మేజోళ్ళు తెచ్చుకుంది. బయల్దేరేటప్పుడు చూస్తే వాటిని తనే తొడుక్కుంది. వాటి మీద ఆ తడి బూట్లు తొడిగి లేసులు కట్టుకుంటోంది.

"అత్తమ్మా, కాళ్ళు తడుస్తయి. జలుబు చేస్తది."

"తడవనీ."

శ్మశానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. సమాధులకు వేసిన సున్నం పొడి దారి పొడవునా రాలి నేలంతా తెల్లగా ఉంది. ఆమె చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, బూట్లు అందరికీ కనిపించేలా, మధ్య దారిలోనే నడిచింది. జనం తిరిగి చూశారు. రాహేలమ్మ తన తల్లి సమాధి మీద పూలు సర్దుతూ తలెత్తింది. "ఏంది నీలమ్మా, ఎవలియి ఆ బూట్లు?" అంది నవ్వుతూ.

మా అత్త ఆగింది. "మా బాపుయి. గిసొంటియే ఏసుకొని పోయిండు మంచులకు. పట్టుకొని సూడు."

"ఊకో నీలమ్మా..."

"పట్టుకొని సూడు."

ఆ గొంతుకు రాహేలమ్మ వంగి బూటు మీద చెయ్యి వేసింది. చప్పున వెనక్కి తీసుకుంది. చెయ్యి చూసుకుంది, తడిగా ఉంది. మళ్ళీ పెట్టి, ఈసారి అలాగే ఉంచింది.

"మస్తు సల్లగున్నయి నీలమ్మా."

"గివి ఏసుకొని మంచుల ఎవ్వడన్న ఉర్కుతడా? చెప్పు."

రాహేలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఉర్కలేడు" అంది, ఎంత మెల్లగా అంటే పక్కనున్న నాకే సరిగా వినబడలేదు. మా అత్తకు మాత్రం వినబడింది. అరవై ఏళ్ళకు పైగా ఆ నల్లా దగ్గరే నిలబడిపోయిన పిల్ల అప్పుడు పైకే ఏడ్చింది. రాహేలమ్మ తన తల్లి సమాధి మీది పూలు రెండు దోసిళ్ళు తీసి ఆ బూట్ల ముందు పోసింది.

తర్వాత మా అత్త కళ్ళు తుడుచుకుని సిలువ వైపు నడిచింది. వెనక నేనూ, సామ్యూల్, వీణా. తెల్లటి సున్నం మీద ఆమె అడుగులు పడుతున్నాయి. మగమనిషి బూటు అడుగులు, కుడి మడమ బయటి వైపు లోతుగా. వాటి పక్కనే సామ్యూల్ అడుగులు, వీణ అడుగులు, అన్నీ అటే ఒరిగి ఉన్నాయి. నేను ఆ అడుగులు తొక్కకుండా పక్కనుంచి నడిచాను.